సంతకం మాత్రం పెట్టకండమ్మా

పేరు, ఊరు రాయొద్దని కోరుతూ ఒక సోదరి పద్నాలుగు పేజీల ఉత్తరం పంపారు. అందులోని విషయం క్లుప్తంగా ఇది.

ఆమెకు 33 ఏళ్లు. పాత చిత్తూరు జిల్లాలో తమిళనాడు సరిహద్దును ఆనుకుని ఉన్న పల్లె. కాపురం బోర్డర్‌కి ఇవతల, పుట్టిల్లు అవతల. 18 ఏళ్లకే పెళ్లయింది. అమ్మాయి తొమ్మిదో తరగతి, అబ్బాయి అయిదు. భర్త వ్యాన్ డ్రైవర్. మదనపల్లె మార్కెట్‌కు టమాటా లోడ్లు తోలేవాడు. ఎనిమిదేళ్ల కిందట ఎవరో ఒక రాత్రికి పైలట్ కారు నడపమన్నారు. ఎర్రచందనం దుంగలతో వచ్చే బండికి ముందు వెళ్తూ, దారిలో చెకింగ్ ఉందా లేదా అని ఫోన్‌లో చెప్పే కారు అది. నెలంతా టమాటాలు తోలితే వచ్చేది ఆ ఒక్క రాత్రిలో వచ్చింది. తర్వాత మేస్త్రీ అయ్యాడు. అంటే బోర్డర్ అవతలి కొండ ఊళ్ల నుంచి కూలీలను అడ్వాన్సులిచ్చి తెచ్చి, శేషాచలం అడవిలోకి పంపే మనిషి.

ఒకసారి దొరికాడు, జైలుకెళ్లాడు. బయటికొచ్చిన వారం కాణిపాకం తీసుకెళ్లి వినాయకుడి ముందు, ఇక ఆ పని జోలికి పోనని ప్రమాణం చేశాడు. "మూడు నెలలు మళ్లీ నా మొగుడిలా ఉన్నాడు. పొద్దున్నే లేచి ఆవులకు గడ్డి కోసుకొచ్చేవాడు. ఆ తర్వాత ఒకరోజు చొక్కా ఉతుకుతుంటే చేతి మడతలో ఎర్రటి పొడి కనిపించింది. చొక్కా పట్టుకుని బండ మీద అలాగే కూర్చుండిపోయాను" అని రాశారు.

ఇప్పుడు కొత్త కేసు. అయిదు నెలలుగా భర్త పరారీలో ఉన్నాడు. పదిహేను రోజులకోసారి అర్ధరాత్రి వచ్చి, అన్నం తిని, నోట్ల కట్ట చేతిలో పెట్టి తెల్లవారకముందే వెళ్లిపోతాడు. పోయినసారి వచ్చినప్పుడు రెండు కోరికలు కోరాడు. ఒకటి, కొత్తగా కొనే కారు ఆమె పేరున రిజిస్టర్ చేయించాలి. రెండు, అవతల ఆమె తమ్ముడి ఇంట్లో రెండు నెలలు తలదాచుకోవాలి. ఆమె కాదంటే మొదటిసారి చెయ్యి చేసుకున్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో అంతకుముందు ఎన్నడూ కొట్టలేదట.

అత్తగారేమో "వాడు ఎవరికోసం చేస్తున్నాడు, మీ కోసం కాదా?" అంటుంది. తమ్ముడు "వచ్చేయక్కా, విడాకులు తీసుకో" అంటాడు. రాత్రుళ్లు పోలీసులు వస్తారు. "నీ మొగుడు ఎక్కడున్నాడో చెప్పకపోతే నిన్నే తీసుకెళ్తాం" అంటారు. పోయిన ఏడాది అమ్మాయి వోణీల ఫంక్షన్‌కు భోజనాలకొచ్చిన ఊరే ఇప్పుడు బడిలో ఆ పిల్లను దుంగల కూతురు అంటోంది. అన్నిటికంటే ఆమెను పట్టి పీడిస్తున్నది ఇంకొకటి. తమిళనాడులోని జవ్వాది కొండల నుంచి ఒక కూలీ భార్య చంటిబిడ్డను ఎత్తుకుని వీళ్లింటికి వచ్చింది. తన భర్త జైల్లో ఉన్నాడని తెలుసు గానీ ఏ జైల్లోనో, ఎవరిని అడగాలో తెలియదు. "ఆ అబ్బాయి అడవికి పోయే ముందు మా ఇంట్లోనే సంగటి తిని వెళ్లాడు. నేనే పెట్టాను. ఆ అమ్మాయికి ఏం చెప్పాలో తెలియక మజ్జిగ ఇచ్చి పంపాను. మీరే చెప్పండి మేడమ్, నేను ఆయన్ని వదిలేయాలా, పట్టించాలా, ఇలాగే ఉండాలా?"

అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీరు మూడు దారులు రాసి అందులో ఒకటి చెప్పమన్నారు. ఆ మూడూ మీ కాపురం ఏమవ్వాలన్న ప్రశ్నకు దారులు. ఆ జవాబు ఈ నెలలోనే తేలాల్సిన అవసరం లేదు. ఈ నెలలో తేలాల్సింది వేరే ఉంది. అది మీ ఉత్తరంలో పదకొండో పేజీలో, ఒక్క వాక్యంలో ఉంది. కారు మీ పేరున రిజిస్టర్ చేయించమన్నాడు అని. ముందు అక్కడి నుంచి మొదలుపెడదాం.

భార్యగా ఉండటం వేరు, ఆ పనిలో భాగస్తురాలు కావడం వేరు. మీ అత్తగారు, మీ ఆయన, ఆ పోలీసులు, అందరూ ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడుతున్నారు. మీరూ కలిపేసుకున్నారు, అందుకే నిద్ర పట్టడం లేదు. చట్టం మాత్రం కలపలేదు. నేరం చేసినవాడికి, తెలిసి తెలిసి ఆశ్రయం ఇవ్వడం మామూలుగా నేరమే. కానీ భారతీయ న్యాయ సంహిత 249వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. ఆశ్రయం ఇచ్చింది భార్య గానీ భర్త గానీ అయితే అది వర్తించదు. పాత ఐపీసీలో 212వ సెక్షన్‌లోనూ ఈ మాటే ఉండేది. అర్ధరాత్రి వచ్చిన భర్తకు తలుపు తీసి అన్నం పెట్టినందుకు మీరు నేరస్తురాలు అయిపోరు. ఇన్నాళ్లూ ఆ భయంతో కంచం కడిగేటప్పుడు కూడా చేతులు వణికాయని రాశారు. ఆ భయం దించేసుకోండి.

అయితే ఆ మినహాయింపు ఆలుమగలకే. మీ తమ్ముడికి లేదు, మీ అత్తగారికీ లేదు. మీ తమ్ముడి ఇల్లు తమిళనాడులో ఉంది కాబట్టి ఫరవాలేదని మీ ఆయన అనుకుంటూ ఉండొచ్చు. వారెంటు పట్టుకుని మన పోలీసులు బోర్డర్ దాటి వెళ్లడం కొత్తేమీ కాదు. ఆయన్ని అక్కడ ఉంచితే రేపు కేసులో మీ తమ్ముడి పేరు చేరుతుంది. మిమ్మల్ని రమ్మని పిలుస్తున్న ఆ ఒక్క ఇల్లూ మీకు మిగలదు. ఈ కోరికకు కాదని చెప్పడం భర్తకు ద్రోహం చేయడం కాదమ్మా. మీ పుట్టింటిని కాపాడుకోవడం.

ఇక కారు సంగతి. ఎర్రచందనంతో పట్టుబడిన బండిని అటవీ చట్టం కింద ప్రభుత్వం స్వాధీనం చేసుకుంటుంది. అప్పుడు యజమాని వెళ్లి, నాకు తెలియకుండా వాడారు, నేను తీసుకోవాల్సిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాను అని తనే రుజువు చేసుకోవాలి. మీ విషయంలో యజమాని అంటే మీరే. భర్త మీద పాత కేసులుండగా, నాకేమీ తెలియదంటే ఎవరు నమ్ముతారు? కారు పోవడం చిన్న నష్టం. ఆ ఆర్సీ మీద ఉన్న మీ పేరు మిమ్మల్ని కేసులోకి లాగుతుంది. అప్పుడు పిల్లల దగ్గర మిగిలేది ఎవరు? మీ ఆయన ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఈసారి వచ్చినప్పుడు తగాదా పెట్టుకోకుండా, గొంతు పెంచకుండా ఇదే అడగండి. "నేనూ లోపలికి పోతే పిల్లలకు అన్నం ఎవరు పెడతారు?" మీరు రాసినదాన్ని బట్టి ఆయన పిల్లలంటే ప్రాణం పెట్టే మనిషి. ఆ మాట ఆయనకు తగులుతుంది.

కారే కాదు, స్థలం, బ్యాంకు లాకరు, సిమ్‌కార్డు, ఇంట్లో దాచమని ఇచ్చే సంచి, వీటిలో ఏదైనా ఇంతే. నేరం ద్వారా వచ్చిన డబ్బుతో కొన్నది భార్య పేరున ఉన్నా జప్తు అవుతుంది. మనీలాండరింగ్ చట్టం 2005 నుంచి అమల్లో ఉంది, ఎర్రచందనం కేసుల్లోకి ఈడీ (ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్) కూడా వస్తోంది. మీ పుట్టింటివాళ్లు పెట్టిన నగలు, మీ పాల డబ్బుతో చేయించుకున్న గాజులు మాత్రం మీ స్త్రీధనం. వాటికి బిల్లులుంటే తీసి విడిగా పెట్టండి, పెళ్లి ఫోటోల్లో అవి కనిపిస్తుంటే ఆ ఫోటోలు కూడా. వోణీల ఫంక్షన్‌కు ఆయన కొన్న హారాన్ని వాటితో కలపకండి.

మీకు రెండు ఆవులున్నాయని, పాల బిల్లు పదిహేను రోజులకోసారి మీ అకౌంట్లోనే పడుతుందని రాశారు. డ్వాక్రా గ్రూపులో సభ్యురాలినని కూడా రాశారు. ఈ రెండు వాక్యాలూ చదివినప్పుడు నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆ అకౌంట్లో ఆయన ఇచ్చే నోట్లు ఒక్కటి కూడా వేయకండి. లోను కంతు కట్టలేకపోతే గ్రూపులో చెప్పి గడువు అడగండి గానీ, ఆ కట్టలో నుంచి తీసి కట్టకండి. రేపు ఎవరైనా వచ్చి ఈ డబ్బు ఎక్కడిదని అడిగితే, పాలదని చూపించగలిగే కాగితం మీ దగ్గర ఉండాలి.

పోలీసుల గురించి. వాళ్ల ఇబ్బంది కూడా ఒక మాట చెప్పాలి. 2013 డిసెంబరులో శేషాచలంలో ఇద్దరు అటవీ అధికారులను ఈ ముఠాలవాళ్లే కొట్టి చంపారు. ఆ కుటుంబాలూ ఉన్నాయి. అయినా ఆ కోపం మీ మీద చూపే హక్కు పోలీసులకు లేదు. సాక్షిగా విచారించాలంటే ఆడవాళ్లను స్టేషన్‌కు పిలిపించకూడదు, ఉంటున్న చోటికే వచ్చి అడగాలి. పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన నాగరిక సురక్ష సంహిత 179వ సెక్షన్ చెప్పేది ఇదే. పొద్దుగూకిన తర్వాత, తెల్లవారకముందు ఆడవాళ్లను అరెస్టు చేయకూడదు. తప్పనిసరి పరిస్థితి అయితే మహిళా అధికారి ఉండాలి, ముందుగా మేజిస్ట్రేట్ అనుమతి ఉండాలి. భర్త దొరకలేదని భార్యను పట్టుకెళ్లడానికి ఏ చట్టంలోనూ వీలు లేదు. మీరు అబద్ధాలూ చెప్పొద్దు, గొడవా పడొద్దు. "ఏమైనా ఉంటే పగలు రండి సార్, మా లాయరు ఎదుట చెబుతాను" అనండి చాలు.

ఆ లాయరు ఎవరంటారా? ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతోంది. 15100కు ఫోన్ చేస్తే మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వాళ్లు దారి చూపిస్తారు. మీ ఆయన తరఫు లాయరు దగ్గరికి మాత్రం వెళ్లకండి. అలాంటి లాయరుకు ఫీజు చాలాసార్లు వెనకున్న పెద్ద తలకాయలే కడతారు. మీకు మీ మనిషి కావాలి.

ఇప్పుడు కాపురం సంగతికి వద్దాం. మీ మూడు దారులే కాదు, నాలుగోది ఒకటి ఉంది. మీరు దాన్ని రాయలేదు. ఆయన తనంతట తాను వెళ్లి కోర్టులో లొంగిపోవడం.

ఇది తేలిక దారి అని అబద్ధం చెప్పను. 2016లో అటవీ చట్టం సవరించాక ఎర్రచందనం కేసుల్లో శిక్షలు బాగా పెరిగాయి. తిరుపతిలో వీటి కోసమే ప్రత్యేక కోర్టు ఉంది, అయిదేళ్ల జైలు, లక్షల జరిమానా పడ్డవాళ్లు ఉన్నారు. పాత కేసులున్నవాళ్ల మీద పీడీ యాక్టు (ముందస్తు నిర్బంధ చట్టం) పెడితే విచారణ లేకుండానే ఏడాది వరకు లోపల ఉంచొచ్చు. ఇవన్నీ తెలిసే లొంగిపోవాలి. మరి లొంగిపోకపోతే? హాజరు కావాలని కోర్టు ప్రకటన ఇస్తుంది, కనీసం 30 రోజుల గడువుంటుంది. రాకపోతే ఆయన పేరున ఉన్న ఆస్తి జప్తు చేయొచ్చు. బెయిలు అడిగినప్పుడల్లా, ఇతను పారిపోయినవాడు అనే మాట అడ్డు పడుతుంది. అంతకంటే ముఖ్యం, ఆ అడవి. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో జరిగిన కాల్పుల్లో 20 మంది చనిపోయారు. అందరూ తమిళనాడు నుంచి వచ్చిన కూలీలే. అది ఎన్‌కౌంటర్ అని పోలీసులు అన్నారు, పట్టుకెళ్లి కాల్చారని కుటుంబాలు అన్నాయి. ఏది ఏమైనా ఆ ఇళ్లకు మనుషులు తిరిగి రాలేదు. జైల్లో ఉన్న భర్తకు ములాఖత్ ఉంటుంది. పిల్లలు వెళ్లి చూసి రావొచ్చు.

ఆయన ఒప్పుకుంటే లాయరు ద్వారా, పగటిపూట, కోర్టులోనే జరగాలి. మీ పని ఆయనకు ఆ మాట చెప్పడం వరకే. ఒప్పుకోకపోతే ఆ భారం మీది కాదు. కాణిపాకంలో ఒట్టు పెట్టి తప్పాడని మీరు చాలా బాధపడ్డారు. ఆరోజు ఆయన నిజంగానే మానేద్దామనుకున్నాడని నాకనిపిస్తోంది. ఆ మూడు నెలల్లో పాత మనుషుల నుంచి ఎన్ని ఫోన్లు వచ్చాయో, ఏ బాకీ గుర్తు చేశారో మీకు తెలియదు. ఈ పనిలోకి వచ్చినంత సులువుగా బయటికి రానివ్వరు. అందుకే ఇంకో ప్రమాణం చేయించుకోకండి. కంటికి కనిపించేవి అడగండి. పాత ఫోన్ నంబరు తీసేశాడా, లాయరును కలిశాడా, కారు బేరం మానుకున్నాడా, ఇవి చూడండి.

పట్టించడం గురించి. మీరు పట్టించి తీరాలని నేను చెప్పను, పట్టించడం పాపమనీ చెప్పను. ఒకటి తెలుసుకోండి. కాపురంలో భర్త మీతో చెప్పుకున్న మాటలు కోర్టులో చెప్పమని మిమ్మల్ని బలవంతపెట్టడానికి వీల్లేదు, సాక్ష్యాల చట్టం ఆ రక్షణ ఇస్తుంది. మీరు కళ్లారా చూసిన పనులకు ఆ రక్షణ ఉండదు. ఒకవేళ చెప్పాలని నిర్ణయించుకుంటే నేరుగా స్టేషన్‌కు వెళ్లకండి. ఆ ముఠాకు తెలిస్తే మీకూ పిల్లలకూ ప్రమాదం. ముందు లాయరు, ఆ తర్వాతే మిగతావి. అదీ పిల్లలను ఆ ఇంటి నుంచి వేరే చోటికి చేర్చాక.

విడిగా ఉండటం అంటే విడాకులే కానక్కర్లేదు. ఆవులను తోలుకుని పుట్టింటికి వెళ్లి ఉండొచ్చు. ఆయన చెయ్యి చేసుకున్నాడు కాబట్టి 2005 గృహహింస చట్టం కింద రక్షణ, ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులు అడగొచ్చు. దానికి విడాకులతో పని లేదు. ఆ దెబ్బను మీరు ఒక్క వాక్యంలో రాసి దాటేశారు, నేను దాటలేను. సంతకం పెట్టనన్నందుకు కొట్టిన చెయ్యి, సంతకం కావాల్సినప్పుడల్లా లేస్తుంది. ఇంకోసారి లేస్తే 181కి ఫోన్ చేయండి, ఆ రాత్రే. ఇక విడాకులే కావాలనుకుంటే, భర్త జైలుకు వెళ్లాడన్న ఒక్క కారణం మీద హిందూ వివాహ చట్టంలో విడాకులు రావని మీ తమ్ముడికి చెప్పండి. క్రూరత్వమో, రెండేళ్లు వదిలేసి వెళ్లడమో, లేదా ఇద్దరి అంగీకారమో ఉండాలి. టైం పడుతుంది. పడనివ్వండి. ఆయన మీద మీకు ఇంకా ప్రేమ ఉంది. దాన్ని సిగ్గుపడుతూ రాశారు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మీ అత్తగారి మాట, "మీ కోసమే కదా" అన్నది, మీ గుండెలో ముల్లులా గుచ్చుకుంది. పెద్దావిడ, కొడుకు కోసం ఏదో ఒకటి నమ్మాలి కదా. కానీ టమాటా లోడ్లు తోలిన రోజుల్లోనూ మీరు పస్తులు లేరని మీరే రాశారు.

ఇలాగే ఉండిపోవడం కూడా ఒక నిర్ణయమే. మీ అమ్మాయి రాత్రి తలుపు చప్పుడైతే దుప్పటి ముసుగేసి నిద్రపోయినట్టు నటిస్తోందని రాశారు. ఆ పిల్లకు అన్నీ తెలుసు. మీరు చెప్పడం లేదు కాబట్టి తనూ అడగడం లేదు. ఒకరోజు పాలు పోసి వచ్చేటప్పుడు వెంట తీసుకెళ్లి, దారిలో చెప్పండి. "నాన్న తప్పు పని చేశాడు. నిన్నంటే ఇష్టం లేక కాదు. నీ తప్పు ఇందులో ఏమీ లేదు." అంతే చాలు. బడిలో మాటలు భరించలేకపోతే టీచరుతో మాట్లాడండి. కస్తూర్బా విద్యాలయంలో హాస్టల్‌తో పాటు ఇంటర్ వరకు చదువుకోవచ్చు, సీటు ఉందేమో కనుక్కోండి. పంపాలా వద్దా అన్నది మాత్రం ఆ పిల్లను అడిగే తేల్చండి. పంపించేశారు అనుకోకూడదు.

ఆఖరుగా, ఆ చంటిబిడ్డ తల్లి. మీ పద్నాలుగు పేజీల్లో అక్షరాలు చెదిరింది అక్కడే. జవ్వాది కొండలవాళ్లు చాలామందికి తెలుగు రాదు, పట్టుబడ్డ చోట భాష తెలియదు, లాయరు ఉండడు. అడ్వాన్సు ఇచ్చిన మేస్త్రీ కనిపించడు. ఆ మేస్త్రీ మీ ఆయనే కావడం మిమ్మల్ని తినేస్తోంది. సంగటి పెట్టినందుకు మీరు నేరస్తులు కారు. కానీ ఆ అమ్మాయి కోసం చేయగలిగింది ఒకటుంది. మీకు రెండు భాషలూ వచ్చు. 15100 తమిళనాడులోనూ పనిచేస్తుంది. ఆ అబ్బాయి పేరు, తండ్రి పేరు, ఊరు, దొరికిన తేదీ, ఈ నాలుగూ ఒక కాగితం మీద తమిళంలో, తెలుగులో రాసి ఆమెకు ఇవ్వండి. ఏ జైల్లో ఉన్నాడో, బెయిలుకు ఎవరున్నారో న్యాయ సేవల వాళ్లు కనుక్కుంటారు. నేరుగా కలవడం మంచిది కాదనిపిస్తే మీ లాయరు చేత పంపించండి.

లాయరును కలిశాక మళ్లీ రాయండి. జవ్వాది కొండల ఆ ఆలుమగలిద్దరూ కలుసుకోగలిగారో లేదో కూడా రాయండి.